ఎనిమిదో బోల్టు

సెల్విన్ గఫ్ ఇంకా బోల్తాపడ్డ ట్రాక్టర్ కిందే ఉన్నాడు. ఎడమ చెయ్యి గడ్డిలో కదులుతూనే ఉంది. మేస్త్రీ ప్రోబర్ట్ మాత్రం డాక్టరు కోసం మనిషిని పంపలేదు. బోల్తాపడితే డ్రైవర్ని కాచే రేకు క్యాబిన్ కోసం పంపాడు.

"కొట్టం వెనక పడేసిన క్యాబిన్ పట్రండి! ఇనస్పెక్టరు రాకముందే బిగించెయ్యాలి!"

ఐవర్ ప్రాసర్ గొలుసు పట్టుకుని లాగాడు. ట్రాక్టర్ లేచేసరికి ఆ చెయ్యి ఆగిపోయింది. శవాన్ని పక్కకి లాగి, క్యాబిన్ బిగించి, సమ్మెటతో నాలుగు సొట్టలు పెట్టారు. ఆ తర్వాతే డాక్టరుకి కబురు వెళ్ళింది.

బిగించింది ఏడు బోల్టులు. ఎనిమిదో బోల్టు ఐవర్ జేబులో ఉంది.

పాపం చెప్పుకోవాలి కదా, ఆ క్యాబిన్ ఊడదీసింది ఐవరే. ఏప్రిల్లో ఎస్టేటు దొర మేజర్ లటిమర్ పాత గడ్డి కొట్టాన్ని మళ్ళీ వాడకంలోకి తెచ్చాడు. గుమ్మం పొట్టి, క్యాబిన్ ఉన్న ట్రాక్టర్ పట్టదు. "మా తాతగారు కట్టించిన గుమ్మం పగలగొట్టనా? క్యాబిన్ తీసెయ్యండి" అన్నాడు. డ్రైవర్లు పండగ చేసుకున్నారు. ఆ రేకు డబ్బాలో కూర్చుంటే ఇంజన్ మోత బుర్రలో సమ్మెట దెబ్బలే. ఇంటికెళితే పెళ్ళాం మాట వినపడదు, నిద్రలో కూడా హోరే. లోపల కాస్త మందపాటి గుడ్డ పరిస్తే సగం మోత చచ్చేది. దొర పరిచాడా? చెవుడు కావాలా, చావు కావాలా, మీరే ఎంచుకోండన్నట్టు ఊరుకున్నాడు.

"దొరకి బుద్ధొచ్చిందిరోయ్!" అని సెల్విన్ నవ్వాడు. ఐవర్ పానా తిప్పాడు. ఆఖరి బోల్టుని పైపులో పొగాకు కూరుకోడానికి జేబులో వేసుకున్నాడు.

మర్నాడు ప్రోబర్ట్ ఐవర్ గుమ్మంలోకొచ్చాడు.

"విచారణలో ఏం చెప్పాలో తెలుసుగా? సెల్విన్ చెవిటోడు. వాలు మీదకి పోవద్దని అరిచాం, వినపడలేదు. అంతే."

"అరిచిందెవరు?"

"నువ్వే." ప్రోబర్ట్ ఇంటి కప్పు వంక చూశాడు. "ఇల్లు దొరది, ఐవర్. పనున్నంత కాలమే నీది. వచ్చే శనివారానికల్లా మేవిస్ తన ఇల్లు ఖాళీ చెయ్యాలి. కొత్త డ్రైవరొస్తున్నాడు."

మేవిస్ సెల్విన్ భార్య. ఆమె ఐవర్‌ని ఒక్కటే అడిగింది. "వాడికి చెవుడు తెచ్చింది వాళ్ళే. ఇప్పుడు చెవుడే వాడ్ని చంపిందంటారు. నువ్వూ అదే అంటావా?"

ఐవర్ చెయ్యి జేబులోని బోల్టు మీదకి పోయింది.

ఆదివారం మధ్యాహ్నం బీరు దుకాణం వెనక గదిలో తొమ్మిదిమంది డ్రైవర్లు కూడారు. వాళ్ళలో క్లెడ్విన్ గుసగుసగా మాట్లాడుతున్నాననుకున్నాడు.

"దొర మీద సాక్ష్యం చెబుదాం!"

గోడ అవతల బీరు తాగుతున్న ప్రోబర్ట్ పగలబడి నవ్వాడు. "ఇంకాస్త గట్టిగా అఘోరించండ్రా, రాసుకుంటున్నా!"

చెవిటివాళ్ళకి రహస్యమెక్కడిది? అప్పుడు ఐవర్ నోరు మూసి చెయ్యెత్తాడు. మోతలో మాట అందదు కనక పొలంలో ఒక ట్రాక్టర్ మీంచి ఇంకో ట్రాక్టర్‌కి చేతులతో మాట్లాడుకోవడం వాళ్ళకి అలవాటే. తల మీద చెయ్యి తిప్పితే ఇంజన్ రేపమని. మెడ మీద అడ్డంగా అరచెయ్యి లాగితే ఆపేయమని. ఆ గదిలో గంటసేపు చేతులే వాదించుకున్నాయి, తిట్టుకున్నాయి, ఒప్పుకున్నాయి. గోడకి చెవి ఆనించిన ప్రోబర్ట్‌కి ఒక్క ముక్క దొరకలేదు.

గురువారం విచారణలో ఐవర్ బోల్టుని బల్ల మీద పెట్టాడు.

"క్యాబిన్ తీసింది నేను, దొర తియ్యమంటే. వాడు చచ్చేటప్పుడు నెత్తిన క్యాబిన్ లేదు. వాడు చచ్చాక బిగించారు. కావాలంటే చూడండి, ఎనిమిదో కన్నం ఖాళీగా ఉంటుంది."

అధికారి కన్నం చూడడానికి లేవలేదు. బోల్టుని వేలితో పక్కకి నెట్టి, మృతుడి చెవుడే కారణమని రాసుకున్నాడు. సాయంత్రానికి ఐవర్‌కీ ఇల్లు ఖాళీ చెయ్యమని కాగితం వచ్చింది.

శనివారం కోర్టు అమీనా వచ్చాడు. వెంట పోలీసులు, మేజర్. మేవిస్ మంచం, కుర్చీలు, సెల్విన్ బూట్లు దారిలో పడేశారు. అమీనా నోటీసు చదవబోయాడు. ఇంటి చుట్టూ నిలిపిన ట్రాక్టర్లలో ఒకదాని మీంచి ఐవర్ తల మీద చెయ్యి తిప్పాడు.

తొమ్మిది ట్రాక్టర్లు ఒక్కసారి గర్జించాయి. అమీనా నోరు కదిలింది తప్ప మాట పుట్టలేదు. మేజర్ చెవులు మూసుకున్నాడు. పదిహేనేళ్ళు వాళ్ళ నెత్తిన కొట్టిన మోత అది. పది నిమిషాలు భరించలేకపోయాడు.

పోలీసులు ఐవర్‌ని కిందకి ఈడ్చారు. లాఠీ చెవి మీద పడింది. ఉన్న కాస్త వినికిడీ ఆ దెబ్బతో పోయింది. బండిలోకి తోస్తుంటే, బేడీలు వేసిన రెండు చేతులూ కలిపి అరచెయ్యి మెడ మీద అడ్డంగా లాగాడు.

ఇంజన్లన్నీ ఆగాయి. వాలు మీద పక్క ఎస్టేటు డ్రైవరు చూశాడు, మెడ మీద అరచెయ్యి లాగి తన ఇంజనూ ఆపాడు. అతన్ని చూసి అవతలివాడు. కొండ కొండంతా ట్రాక్టర్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. కోసిన గడ్డి నేల మీదే ఉంది. పడమట మబ్బు దిగుతోంది.

మేజర్ పరుగున వచ్చి చేతులు ఊపుతూ అరిచాడు. "వానొస్తోందయ్యా! గడ్డి కుళ్ళిపోద్ది! ఎక్కండి!"

అంత నిశ్శబ్దంలో ఆ కేక చెవిటివాళ్ళకీ వినిపించింది. ఎనిమిదిమందీ చెవి దగ్గర చెయ్యి పెట్టారు.

"ఏంటి దొరా? వినపడట్లేదు!"

పోలీసు బండి ఊచల్లోంచి ఐవర్ ఆ చేతులు చూశాడు. మేవిస్ దారిలో పడున్న కుర్చీ ఎత్తుకుని తిరిగి ఇంట్లోకి నడిచింది. గడ్డి మీద మొదటి చినుకు పడింది.