మాల్యాద్రి గరిటె

ఉదయగిరి బాప్టిస్టు సంఘంలో డీకనుగా ఉన్న పెద్దాయన పేరు మాల్యాద్రి అనగానే కొత్తవాళ్లు ఆగి, ఇంకోసారి అడుగుతారు. మాల్యాద్రి అంటే మాలకొండ మీద వెలసిన నరసింహస్వామి పేరు. ఆ పేరున్న మనిషి తెల్లచొక్కా వేసుకుని, ప్రభువు బల్ల దగ్గర నిలబడి రొట్టె పళ్లెం అందిస్తుంటే తికమకపడరా మరి? పాతవాళ్లకు మాత్రం ఆ తికమక లేదు. వాళ్లంతా నెల్లూరు బస్సులో ఆయన చేతి టిక్కెట్టు తీసుకుని పెద్దవాళ్లయినవాళ్లు. ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైన మాల్యాద్రిని ఊళ్లో ఇప్పటికీ బస్సు మాల్యాద్రి అనే అంటారు.

కొత్త చర్చి భవనం పూర్తయ్యేదాకా ఆ పేరుతో ఎవరికీ పేచీ రాలేదు. ప్రతిష్ఠ రోజు ఆవిష్కరించే శిలాఫలకం మీద సంఘపెద్దల పేర్లు చెక్కించాలనుకున్నప్పుడు వచ్చింది. కొత్తగా వచ్చిన పాస్టరు దయాసాగర్ కుర్రవాడు, మెత్తని మనిషి, ఎవరినీ నొప్పించడు. మాల్యాద్రి ఇంటికి వచ్చి, ఇచ్చిన కాఫీ చివరి గుక్కదాకా తాగి, చాలాసేపు వానల గురించి మాట్లాడి, అప్పుడు గొంతు సవరించుకున్నాడు. బయటి ఊళ్ల నుంచి పెద్ద పాస్టర్లు వస్తారని, మందిరం గోడ మీద కొండదేవుడి పేరు చూస్తే ఏమనుకుంటారోనని, పెద్దాయన ఒప్పుకుంటే అబ్రహాం అని వేయిద్దామని నెమ్మదిగా చెప్పాడు. కసిరితే తిరిగి కసరొచ్చు, ఇంత మర్యాదగా అడిగితే ఏం చేస్తాం? ఆలోచిద్దామని మాల్యాద్రి నవ్వి పంపించాడు. ఫలకం చెక్కే మనిషి ఆత్మకూరులో ఉన్నాడు. మిగతా పేర్లన్నీ చెక్కేసి ఒక వరుస ఖాళీగా ఉంచాడు. శనివారం సాయంత్రానికి పేరు చెప్పాలి.

మర్నాడు గడ్డం గీసుకుంటూ మాల్యాద్రి అద్దంలోకి చూసి, "అబ్రహాంగారూ" అని పిలిచి చూశాడు. అద్దంలో మనిషి పలకలేదు.

పేరు మార్చనని గట్టిగా అనేయడం పెద్ద పనేం కాదు. అయితే ఆ వెంటనే, ఆ పేరు నీకెట్టా వచ్చిందని అడుగుతారు. అక్కడే మాల్యాద్రికి చిక్కు. వాళ్లమ్మ శీనమ్మ ఆ చర్చి గంట కొట్టిన మనిషి, తెల్లవారుజామునే వచ్చి నేల ఊడ్చిన మనిషి. అట్లాంటి ఆమె కొడుకు కోసం కొండెక్కి మొక్కుకుందని నలుగురికీ తెలిస్తే ఆమె భక్తిని తేలిక చేస్తారని ఆయన భయం. ఆ సంగతి కూతురికి కూడా చెప్పలేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, కొండ మీద గుడి తెరిచే శనివారం మాలకొండ స్పెషల్ బస్సు డ్యూటీ పడితే ఎవర్నో ఒకర్ని బతిమాలి మార్చుకునేవాడు. ఈ చుట్టుపక్కల ఆయన ఎక్కని ఘాటు లేదు, దిగని స్టేజీ లేదు. తన పేరున్న కొండను మాత్రం దగ్గరికి పోయి చూడలేదు.

ఇక కూతురి సంగతి. కృపారాణి ఆత్మకూరులో ఉంటుంది, బొమ్మలు చెక్కుతుంది, పుస్తకాలు రాస్తుంది. ఉదయగిరి కొయ్యగరిటెల పని గౌసియా అనే ఆమె దగ్గర చిన్నప్పుడే నేర్చుకుంది. అందరూ గరిటె కాడ మీద చేపలూ పూలూ చెక్కుతుంటే, ఈమె మనుషులను చెక్కింది. మతాల మధ్య మాటలు నడవాలన్నది ఆమె పట్టుదల. మొదట్లో అందరిలాగే ఆమె కూడా ఒక పూజారినీ, ఒక ఇమామునూ, ఒక పాస్టరునూ వేదిక ఎక్కించి సభలు పెట్టింది. ముగ్గురూ శాంతి గురించి తలా ఒక ఉపన్యాసం దంచి, శాలువాలు కప్పించుకుని, ఒకరి మాట ఒకరు వినకుండానే ఎవరి బండి వాళ్లెక్కి వెళ్లిపోయేవాళ్లు. రెండు మూడు సభలకే ఆమెకు విసుగొచ్చింది.

"మతం గురించి అడిగితే ఉపన్యాసం చెప్తారు నాయనా, పేరు గురించి అడిగితే ఇంటి కథ చెప్తారు" అని ఒకరోజు తండ్రితో అనింది. అప్పట్నుంచీ ఆమె పని పేర్ల గరిటెలే. గరిటె కాడకు ముందువైపు ఒక మనిషి పేరు చెక్కుతుంది, వెనకవైపు ఆ పేరు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో రెండు ముక్కల్లో రాస్తుంది. ఈ ప్రాంతంలో పేర్లు చాలావరకు మొక్కుల మీద వచ్చినవే. ఎవరి బిడ్డకు ఎవరి దేవుడు కాపు కాశాడో తవ్వుకుంటూ పోతే, ఏ ఇంటి గోడా పక్కింటి గోడకు దూరంగా ఉండదు.

తండ్రి పేరుతో కూడా ఒకటి చెక్కింది. వెనక ఏం రాయాలని అడిగితే, మా నాయనకు నచ్చి పెట్టినాడు, అంతేనన్నాడు మాల్యాద్రి. చిల్లర లేదని చెప్పే కండక్టరు మొహం పెట్టి చెప్తే ఎట్టా నమ్మేదని కూతురు నవ్వేసింది. ఆ గరిటె వెనక ఖాళీగానే ఉండిపోయింది.

ఆ గరిటెలన్నీ పెట్టి, శనివారం మధ్యాహ్నం ఆత్మకూరులో ఒక కల్యాణమండపం తీసుకుని భోజనాలు ఏర్పాటు చేసింది. ఉదయగిరి నుంచీ, సంగం నుంచీ, అనంతసాగరం నుంచీ జనం వచ్చారు. పెద్దాయన కూతురు పిలిచింది కదా అని పాస్టరు దయాసాగర్ కూడా వచ్చాడు. ఫలకం పని కూడా అటునుంచి అటే చూసుకోవచ్చని మాల్యాద్రికి చెప్పాడు. అబ్రహాం అనేస్తే పోలేదా అని ఒకసారి, అనలేనని ఒకసారి అనుకుంటూ మాల్యాద్రి మండపంలోకి నడిచాడు.

కృపారాణి పెట్టిన పద్ధతి ఒకటే. బుట్టలో చేయి పెట్టి ఒక గరిటె తీసుకోవాలి. దానిమీద పేరున్న మనిషిని వెతికి పట్టుకుని, ఈ పేరు నీకెవరు పెట్టారని అడగాలి. కథంతా విన్నాక, వెనక రాత కనపడకుండా అంటించిన కాగితం పీకి చదువుకోవాలి. ఆ తర్వాతే ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తినాలి. సాంబారు వాసన ముక్కులకు తగులుతుంటే జనం ఎంత చురుగ్గా వెతికారో చెప్పనక్కర్లేదు.

మాల్యాద్రికి రూబీ అనే పేరు వచ్చింది. బతికిపోయాననుకున్నాడు. మన సంఘాల్లో ఎవరో ఒక అమ్మ అయివుంటుంది, రెండు మాటలు మాట్లాడి అన్నం తినేయొచ్చు. తెల్లచీరల కోసం చూసుకుంటూ హాలంతా తిరిగాడు. రూబీ ఎవరని అడిగితే, ఫ్యాను కింద కూర్చున్న ఒక పెద్దామెను చూపించారు. నుదుటిన రూపాయంత కుంకుమబొట్టు, మెళ్లో పసుపుతాడు, రెండు ముక్కుపుడకలు. అనంతసాగరం దగ్గర పెద్ద రైతు కుటుంబం, ఊళ్లో రామాలయం వాళ్ల తాత కట్టించిందే.

మాల్యాద్రి గరిటెను ఇంకోసారి చదువుకున్నాడు. ఆమె పకపకా నవ్వి, "నేనే అన్నా, కూర్చో" అనింది. ఆమె కథ చిన్నదే. వాళ్లమ్మకు కాన్పు అడ్డం తిరిగితే ఎడ్లబండి మీద మిషనాసుపత్రికి తీసుకుపోయారు. రూబీ అనే నర్సు రాత్రంతా పక్కనుంచి కదలకుండా తల్లినీ బిడ్డనూ దక్కించింది. నామం పెట్టుకోకుండా గడప దాటని తాత, బారసాల రోజు తానే బిడ్డ చెవిలో రూబీ అని చెప్పాడు. పెళ్లప్పుడు అత్తగారింటివాళ్లు రుక్మిణి అని మారుద్దామన్నారు. శుభలేఖ మీద ఆ పేరు బాగోదన్నారు.

మాల్యాద్రికి కాఫీ తాగుతున్న దయాసాగర్ గుర్తొచ్చాడు. "మరి మార్చుకోలేదేంది అమ్మా?" అని అడిగాడు. ఆ ప్రశ్న ఆమెను అడుగుతున్నాడో తనను తానే అడుగుతున్నాడో ఆయనకే తెలియలేదు.

"ఎందుకు మార్చుకుంటాను అన్నా? ఆ నర్సమ్మకు పెళ్లీ లేదు, పిల్లలూ లేరు. నేను రుక్మిణినైపోతే ఆమెను తలుచుకునేవాళ్లు ఎవురుండారు?" అనింది రూబీ.

అప్పుడే ఎదురుగా ఎవరో వచ్చి నిలబడినట్టనిపించి మాల్యాద్రి తలెత్తాడు. పాస్టరు దయాసాగర్, చేతిలో గరిటె, దానిమీద మాల్యాద్రి అని నాలుగు మూరల దూరం నుంచి కూడా కనిపించేంత స్పష్టంగా ఉంది. మాల్యాద్రి వెంటనే కూతురి వైపు చూశాడు. కృపారాణి సాంబారు బకెట్టులో ఏదో జారవిడుచుకున్నదానిలా అందులోకే చూస్తోంది. పక్కన అన్నం వడ్డిస్తున్న మస్తానమ్మ మాత్రం గరిటె ఆపేసి ఇటే చూస్తోంది. ఈమె కూడా ఉదయగిరి సంఘంలో మనిషే, చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే. కసుమూరు దర్గాకు వాళ్లమ్మ మొక్కుకుంటే పుట్టింది, అందుకే ఆ దర్గా బాబా పేరే పెట్టారు. ఆడవాళ్ల పేర్లు శిలాఫలకాల దాకా రావు కాబట్టి ఆమె పేరు జోలికి ఎవరూ పోలేదు.

దయాసాగర్ ఇబ్బందిగా నవ్వాడు. పద్ధతి పద్ధతే కదా అన్నట్టు గరిటె చూపించి, "ఈ పేరు మీకెవరు పెట్టినారు అంకుల్?" అని అడిగాడు.

నచ్చి పెట్టినాడు, అంతే అనే మాట నాలుక చివరికి వచ్చింది. పక్కన రూబీ కూర్చుని ఉంది. మాల్యాద్రి ఆ మాట మింగేశాడు.

చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. తనకు ముందు పుట్టిన బిడ్డలెవరూ వాళ్లమ్మకు దక్కలేదని చెప్పాడు. శనగచేలో కూలికి వచ్చే ఒకామె, మీ దేవుణ్ణి ఎట్టా అడుగుతుండావు, మా స్వామికి కూడా ఒక మాట చెప్పి చూడరాదా అనిందట. శీనమ్మ నిండుచూలాలు, ఒక శనివారం మాలకొండ మెట్లెక్కి, బిడ్డ దక్కితే నీ పేరే పెడతానని మాటిచ్చింది. మర్నాడు ఆదివారం కాళ్లు పీకుతున్నా చర్చికి పోయి గంట కొట్టింది. కొడుకు పుట్టాడు, బతికాడు. పెద్దవాడై బాప్తిస్మం తీసుకునే రోజు వచ్చేసరికి, అప్పటి పాస్టరు పెన్న ఏట్లో నడుము లోతున నిలబడి, ఆ పేరు మార్చాలమ్మా అన్నాడు.

"ఒడ్డున నిలబడి మా అమ్మ ఏమనిందో తెలుసా అయ్యగారూ? 'నేను ఆ స్వామికి మాటిచ్చినా. పని అయిపోయినాక మాట తప్పమంటుండావా? మాట తప్పిన మనిషిని ఏసయ్య మాత్రం నమ్ముతాడా?' అనింది. ఆ పాస్టరుగారు నన్ను మాల్యాద్రీ అని పిలిచి నీళ్లలో ముంచినాడు." మాల్యాద్రి పాస్టరు చేతిలోని గరిటె వైపు చూశాడు. "సిగ్గుపడింది నేనే. మా అమ్మ ఎప్పుడూ సిగ్గుపడలా."

చుట్టుపక్కల తింటున్నవాళ్లు కూడా చేతులాపి వింటున్నారు. దయాసాగర్ ఏదో ఒకటి చేయాలి కాబట్టి గరిటె తిప్పి కాగితం పీకాడు. వెనక ఏమీ లేదు. ఇక్కడేం రాయలేదే అని తెల్లబోయాడు. కృపారాణి బకెట్టు వదిలేసి ఎప్పుడు వచ్చిందో, తండ్రి వెనక నిలబడి కొంగుతో కళ్లొత్తుకుంటోంది.

దయాసాగర్ కాసేపు ఆ నున్నటి కొయ్యను వేలితో నిమురుతూ ఉండిపోయాడు. తర్వాత జేబులోంచి ఫోను తీసి, ఫలకం చెక్కే మనిషికి ఏం చెప్పమంటారని అడిగాడు. ఈసారి వానల గురించి మాట్లాడలేదు.

"అబ్రహాం మంచి పేరే అయ్యగారూ, వంక పెట్టేదానికి లేదు" అన్నాడు మాల్యాద్రి. "కానీ రేపు నేను పైకి పోతే, మా అమ్మ గుమ్మంలో నిలబడి మాల్యాద్రీ అని పిలస్తాది. అబ్రహాం ఎట్టా పలుకుతాడు?"

రూబీ నవ్వింది, ఆ నవ్వులోనే కళ్లు తుడుచుకుంది. దయాసాగర్ అక్కడే నిలబడి ఫోను చేశాడు. ఖాళీగా ఉన్న వరుసలో మాల్యాద్రి అని చెక్కమని, ముందూ వెనకా ఇంకేమీ చేర్చొద్దని రెండుసార్లు చెప్పాడు. ఫోను పెట్టేసి పెద్దాయన పక్కన కూర్చున్నాడు. మస్తానమ్మ అన్నం తెచ్చి, అడక్కుండానే పాస్టరు విస్తరిలో ఇంకో గరిటె ఎక్కువ వడ్డించింది. ఇంకోసారి ఫలకం వేయిస్తే ఆడవాళ్లకు కూడా ఒక వరుస వదలమని, తన దర్గా పేరు కూడా ఎక్కిద్దామని పనిలోపని చెప్పేసింది. దయాసాగర్‌కు పొలమారింది గానీ కాదనలేదు.

ప్రతిష్ఠ బాగా జరిగింది. బయటి నుంచి వచ్చిన పెద్ద పాస్టర్లు ఫలకం దగ్గర నిలబడి ఫోటోలు దిగారు. వాళ్లలో ఒకాయన మాత్రం ఆగి, ఈ మాల్యాద్రి ఎవరని అడిగాడు. దయాసాగర్ ఆయన్ను పక్కకు తీసుకుపోయి శీనమ్మ కథంతా చెప్పాడు. ఆయన ఇంకొకరికి చెప్పాడు. భోజనాల వేళకు ఊరంతటికీ తెలిసిపోయింది. ఇన్నాళ్లూ దేనికి దాచిపెట్టానా అని మాల్యాద్రికే నవ్వొచ్చింది.

ఆ వచ్చిన శనివారం దయాసాగరే పెద్దాయన్ను బైకు మీద ఉదయగిరి బస్టాండులో దించి, మోకాళ్లు జాగ్రత్త అని చెప్పి పోయాడు. కారు పంపిస్తానని కృపారాణి అంటే మాల్యాద్రి ఒప్పుకోలేదు. భుజాన సంచి, సంచిలో మంచినీళ్ల సీసా, కూతురు ఇచ్చిన గరిటె. వెనక ఇప్పుడు రాత ఉంది. శీనమ్మ మాట తప్పలేదు, అని మాత్రమే రాసింది కృపారాణి. మాలకొండ బస్సు కిటికీ పక్కన కూర్చుని ఆయన తన రిటైరైన ఉద్యోగి పాసు చూపించాడు. కుర్ర కండక్టరు పేరు చదివి, సరిపోయిందే అన్నట్టు నవ్వి, స్వామికి మొక్కుందా తాతా అని అడిగాడు.

"మొక్కేం లేదు నాయనా. అది మా అమ్మ ఎప్పుడో తీర్చేసింది. ఆమె ఎక్కిన మెట్లు ఒకసారి ఎక్కొద్దామని పోతుండా" అన్నాడు మాల్యాద్రి.

కుర్రవాడు విజిలు నోట్లో పెట్టుకునేలోపే, పాత అలవాటు కొద్దీ మాల్యాద్రే "రైట్ రైట్" అనేశాడు. బస్సు కదిలింది.