హ్యాండిల్ మీద తెల్ల గీత

ఆమె మెడనొప్పికి వీధి వీధంతా వైద్యులే. తలగడ తీసేయమని పక్కింటావిడ, నూనె రాయమని అమ్మ, వేడినీళ్ళు పోసుకోమని పాలవాడు. వినీ వినీ ఆమెకు ఒళ్ళు మండిపోయేది. అన్నయ్య మందు మాత్రం ఒక్కటే: "మానెయ్."

మానెయ్యమన్నది ఉద్యోగాన్ని. పొద్దున్నే క్లినిక్కులన్నీ తిరిగి, రక్తం సీసాలున్న ఐసుపెట్టెను బండి వెనక కట్టుకుని, పదకొండులోపు ల్యాబ్‌కు చేర్చడం ఆమె పని. ఆ పని ఆమెకు ప్రాణం. బండి అన్నయ్య వాడినది. కారు కొనుక్కున్నాక, "ఇక ఇది నీదే" అంటూ అందరి ముందూ తాళం చేతిలో పెట్టాడు. ఇచ్చిన మనిషి ఇచ్చి ఊరుకుంటే కదా! ప్రతి ఆదివారం వచ్చి దాన్ని పసిపిల్లకు నీళ్ళు పోసినట్టు కడిగి, "చెప్పానా, ఇది ఆడపిల్ల ఒంటికి పడే పని కాదని" అని ఒక మాట అనేసి పోయేవాడు.

ఎనిమిది నెలలు ఓర్చుకుంది. ఒక ఉదయం మలుపు దగ్గర మెడ తిప్పి వెనక్కి చూడలేక బస్సు కింద పడబోయింది. పెట్టెలో పన్నెండు సీసాలు పగిలాయి. "ఇంకోసారి ఇలా జరిగితే వేరేవాళ్ళని పెట్టుకుంటాను" అన్నాడు ల్యాబ్ యజమాని.

ఆ సాయంత్రమే మెకానిక్ దగ్గరికి వెళ్ళింది. ఆ ముసలాయన ఆమెను బండెక్కించి పక్కనుంచి చూశాడు.

"చేతులు కర్రల్లా చాపేశావేంటమ్మా? ఇది మీ అన్న కొలత. ఆయనేమో ఆరడుగుల మనిషి. నీకు మోచెయ్యి కాస్త వంగాలి, భుజం కిందికి దిగాలి."

బోల్టులు వదులుచేసి హ్యాండిల్‌ను రెండు వేళ్ళంత ఆమె వైపు తిప్పి బిగించాడు. అంతే. నాలుగు రోజుల్లో మెడ తిరిగింది. సిగ్నల్ దగ్గర తల తిప్పి వెనకున్న లారీని చూసినప్పుడు ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

సోమవారం నొప్పి మళ్ళీ మొదలైంది. పని కాగానే నేరుగా వెళ్ళి మెకానిక్ మీద విరుచుకుపడింది.

"ఏం బిగించావు బాబాయ్? వారం తిరక్కుండానే జారిపోయిందే!"

ఆయన వంగి చూపించాడు. హ్యాండిల్ మీద ఒకటి, దాన్ని పట్టుకున్న బిగింపు మీద ఒకటి, సన్నటి తెల్ల రంగు గీతలు. రెండూ ఒకే గీతలా కలిసి ఉన్నాయి.

"నేను తిప్పినప్పుడు ఈ రెండూ విడిపోయాయి. దానంతటది జారితే సరిగ్గా పాత గీత దగ్గరే ఆగుతుందా? ఎవరో పానా పెట్టి తిప్పారమ్మా."

ఎవరో ఏమిటి! ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. మళ్ళీ తన కొలతకు తిప్పించుకుని, ఆదివారం దాకా పళ్ళు బిగబట్టుకుని ఆగింది.

అన్నయ్య బకెట్టుతో వచ్చాడు. జేబులోంచి పానా తొంగిచూస్తోంది.

"పోయిన వారం హ్యాండిల్ తిప్పింది నువ్వేనా?"

"నేనే. ఎవడో పాడుచేశాడు, సరిచేశాను. పదేళ్ళు నడిపానమ్మా, ఒక్కరోజు నొప్పెరగను. ఆ గీత నేనే పెట్టుకున్నాను."

"ఎక్కు. కూర్చో."

నవ్వబోయినవాడు ఆమె గొంతు విని మానేసి ఎక్కాడు. మోచేతులు డొక్కల్లోకి వచ్చాయి, మోకాళ్ళు హ్యాండిల్‌కు తగిలాయి. కాసేపటికే మెలికలు తిరిగాడు.

"ఇదేం కూర్చోవడం? నడుం పట్టేస్తోంది."

"రెండు నిమిషాలకేనా? నేను ఎనిమిది నెలలు కూర్చున్నాను! నొప్పి నీ కొలతది. నువ్వేమో నా ఒంటికి వంక పెట్టావు, నా ఉద్యోగం మానమన్నావు!"

అన్నయ్య బండి దిగాడు. "నీకు బాగుంటుందనే కదా చెల్లీ..." అన్నాడు మెల్లగా.

ఆమె వినలేదు. చాకుతో తెల్ల రంగు గీకేసింది. గోళ్ళరంగు సీసా తెచ్చి, తన కొలత దగ్గర ఎర్రగా గీత గీసింది. ఆరేదాకా ఊదింది.

"వచ్చే ఆదివారం కడగడానికి రా అన్నయ్యా, వద్దనను. పానా మాత్రం ఇంట్లో పెట్టి రా."