పంచుకున్న భారతం

బెల్లం ముద్దను కాగితంలో చుట్టి, పురికొస రెండు చుట్లు తిప్పి, లింగమూర్తి ముడి వేశాడు. సరైన కొస లాగితే జారిపోయే ముడి అది. ఏ కొసో తెలియనివాడు లాగితే ఇంకా బిగుస్తుంది. తండ్రి నేర్పిన ఆ ముడి తెలిసినవాళ్లు ఇద్దరే: పెద్దపల్లి అంగట్లో తను, బెల్లంపల్లి బొగ్గుబావిలో పనిచేసి దగ్గుతో మంచం పట్టిన తమ్ముడు హనుమండ్లు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది వేసవి. లింగమూర్తి పొట్టి మనిషి. భుజాలు ముందుకు వంగాయి. కుడి బొటనవేలి మీద పురికొస కోసిన గీత ఎన్నేళ్లయినా మానలేదు.

వెనక బియ్యం బస్తా మీద కూతురు దేవకి చదువుకుంటోంది. కరీంనగర్‌లో డిగ్రీ. సెలవుల్లో రామాయణమో, భాగవతమో, భారతమో ఒకటి పూర్తిగా చదివి రమ్మన్నాడు తెలుగు సారు. అంగటికి వచ్చినవాళ్లంతా తలా ఒక సలహా ఇచ్చారు. ఆడపిల్లకు రామాయణమే మంచిదంది పాలు పోసే కొమురవ్వ. సీతమ్మ కష్టాలు ముందే తెలిస్తే రేపు అత్తింట్లో ఏదీ కొత్తగా అనిపించదట. దేవకి నవ్వి, భారతమే ఎంచుకుంది. ఇంట్లో భారతం చదివితే ఇల్లు చీలుతుందని తల్లి దాన్ని గడప దాటనివ్వదు. అందుకే అంగట్లో చదువు.

తల్లి భయం ఊరికే పుట్టలేదు. అన్నదమ్ములు విడిపోయిన నాడు ఇల్లు, పొలం, ఇత్తడి బిందెలు పంచాక, వాళ్ల తండ్రి చదివిన భారతం మిగిలింది. ఇద్దరూ నాదంటే నాదన్నారు. పెద్దమనుషులు దాన్నీ పంచారు: ఉద్యోగపర్వం దాకా పెద్దవాడికి, భీష్మపర్వం నుంచి చిన్నవాడికి. రెండు కట్టలూ లింగమూర్తే ఆ ముడితో కట్టాడు. లాభం తనదే అనుకున్నాడు. విరాటపర్వం తన కట్టలో ఉంది. అది చదివితే వాన పడుతుందని నమ్మకం; వాన రాని ఏడు దాన్ని చదివించడానికి ఊరు తన దగ్గరికే రావాలి. కొట్లాటంతా తమ్ముడి పాలికి పోయిందని అందరి ముందూ నవ్వాడు. ఆ నవ్వు తర్వాత ఇద్దరి మధ్య మాట లేదు.

దేవకి పుస్తకం మూసింది.

"ఒడిసింది బాపు. రాయబారం చెడింది. యుద్ధమంత చిన్నబాపు దగ్గరుంది. అడగరాదు?"

"రామాయణం చదువు బిడ్డ. అది మొత్తం ఒక్కతాన ఉన్నది. సగం సరుకు ఎవలన్న తీసుకుంటరా?"

"సగం జేసింది నువ్వే గద."

లింగమూర్తి తక్కెడ పళ్లెం తుడిచాడు. తుడిచిందే మళ్లీ తుడిచాడు. తమ్ముడి దగ్గు ముదిరిందని విన్నప్పటినుంచి ఒకసారి పోవాలని ఉంది. పోవడానికి ఒక పని కావాలి. ఇప్పుడు పని దొరికింది. కానీ బేరంలో ముందు నోరు తెరిచినవాడే తగ్గాలని అతనికి ఈ అంగడే నేర్పింది.

ఉప్పు బస్తాలు దింపి బెల్లంపల్లి పోతున్న లారీ డ్రైవర్ ముష్తాక్ చేతిలో పొద్దున కట్టిన బెల్లం పెట్టాడు.

"ఇది మా హనుమండ్లుకియ్యి. వాని దగ్గర పుస్తకాల కట్ట ఉంటది, పట్టుకరా. బిడ్డ అడిగిందని చెప్పు. నేను అడిగిన్నని అనకు."

మధ్యాహ్నమంతా పప్పు తూస్తూ లెక్క వేసుకున్నాడు. పిల్ల చదవడం అయ్యాక కట్ట తిరిగి ఇవ్వాలి. ఇవ్వడానికి తనే పోతాడు. అప్పుడు ఎవరూ తగ్గినట్టు కాదు.

దీపాలు పెట్టే వేళకు లారీ వచ్చింది. ముష్తాక్ కట్టను బల్ల మీద పెట్టి, తలకు కట్టిన రుమాలు తీశాడు.

"నీ తమ్ముడు బెల్లం జర నోట్లె ఏసుకున్నడు, సేటు. మంచం కిందికెళ్లి కట్ట తనే తీయించిండు. అన్న అడిగిండా అన్నడు. లేదు, బిడ్డ అడిగిందన్న. మల్లొకపారి అడిగిండు. నువ్వు చెప్పిందే చెప్పిన." రుమాలు మడత పెట్టాడు. "సరుకు దింపి మల్ల ఆ దిక్కు వచ్చేటాలకు ఇంటిముందర మంది జమైన్రు. పాణం పోయిందన్నరు."

లింగమూర్తి కట్టను దగ్గరికి లాక్కున్నాడు. వేలితో పురికొసను తడిమాడు. ఏ కొస లాగాలో వేలికి తెలుసు. లాగలేదు. కండువా తీసుకుని స్టేషన్ వైపు నడిచాడు. దేవకి అంగడి తలుపులు వేసి అతని వెనకే పోయింది.

బల్ల మీద కట్ట మిగిలింది. పురికొస బొగ్గుదుమ్ముతో నల్లబడింది. పంపకం నాడు అన్న వేసిన ముడి అలాగే ఉంది.