బోణీ చెయ్యి

నగరి బస్టాండు పక్కన వరదయ్య కాఫీ అంగట్లో రోజూ తొలి బేరం నాదే. మద్రాసు బస్సు డ్రైవరు హారన్ కొట్టి తొందరపెట్టినా వరదయ్య కదిలేవాడు కాదు. "ఉండప్పా, మునస్వామిని రానీ. ఆయప్ప చెయ్యి మంచిది" అనేవాడు. నేను పోయి నాణెం ఇస్తే కళ్ళకద్దుకుని గల్లాపెట్టెలో వేసేవాడు. నేను నోరు తెరవకముందే నాకు కావలసినట్టు కలిపిన గ్లాసు చేతికొచ్చేది. ఆ తర్వాతే మిగతావాళ్ళకు.

నా పెళ్ళాం తాయమ్మ పోయాక, నేను తెల్లారి లేచానా లేదా అని చూసే మనిషి ఇంట్లో లేదు. మగ్గం కూడా అమ్మేశాను. ఊరు మొత్తంలో నాకోసం ఎదురుచూసే చోటు ఆ అంగడి ఒక్కటే.

ఎనభై మూడులో ఎదురుగా మద్రాసు కంపెనీవాళ్ళు కాఫీ బారు తెరిచారు. ట్యూబులైట్లు, అద్దాలు, టేప్ రికార్డరు. చిత్తూరులోనూ తిరుపతిలోనూ అదే బోర్డట, అదే రుచట. ఏ ఊళ్ళో తాగినా ఒకటే అయితే ఇక అదేం రుచి? జనం నా మాట వింటారా, బిలబిలమంటూ అటే పోయారు. మధ్యాహ్నానికి వరదయ్య పాలు విరిగిపోయేవి.

ఒకరోజు ఆయన భార్య సుబ్బులమ్మ లోపల అంటుంటే విన్నాను. "రోజూ అదే చేతి బోణీ. ఆ చెయ్యి మంచిదైతే యాపారం ఇట్లెందుకుండాది?"

"ఊరుకో" అన్నాడు వరదయ్య. కాదని మాత్రం అనలేదు.

ఇంటికొచ్చి నా చెయ్యి నేనే తిప్పి తిప్పి చూసుకున్నాను. ఈ చేత్తోనే తాయమ్మకు మందులు పట్టించాను, అవీ పనిచేయలేదు. చివరికి ఒక ఉపాయం తట్టింది. నా చెయ్యి చెడ్డదే అయితే, అది తగలాల్సిన చోటు వేరే ఉంది కదా!

మర్నాడు కంపెనీవాళ్ళు షట్టరు ఎత్తగానే నేనే మొదట దూరాను. గల్లా దగ్గరి మనిషి నా ముఖమైనా చూడకుండా నాణేన్ని సొరుగులో పడేసి టోకెను తోశాడు. రోడ్డుకవతల వరదయ్య బాయిలరు పక్కన నిలబడి నన్నే చూస్తున్నాడు. డ్రైవరు హారన్ కొడుతున్నాడు. చాలాసేపు ఆగి, వరదయ్య మొదటి గ్లాసు ఆ డ్రైవరుకిచ్చాడు.

రోజూ అట్లాగే పోయాను. కంపెనీ దివాళా తీస్తుందని చూస్తే, ఇంకో నాలుగు బెంచీలు వేశారు. నా చెయ్యి మంచిదీ కాదు, చెడ్డదీ కాదు, ఉత్త చెయ్యి. అది తెలిసిన రోజు నాకు ఏడుపొచ్చింది.

వరదయ్య దగ్గరికి పోయాను. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. ఏమని చెప్పను? సుబ్బులమ్మ మాట విన్నానంటే మొగుడూ పెళ్ళాల మధ్య తగువు. చెప్పకపోతే నేను ద్రోహిని.

అంగట్లో ఎవరూ లేరు. నాణెం బల్లమీద పెట్టాను. వరదయ్య తీసి గల్లాపెట్టెలో వేశాడు. కళ్ళకద్దుకోలేదు.

"ఏం వరదయ్యా, బాగుండావా?"

"బాగుండాము. కూర్చోండి."

ఇన్నేళ్ళలో ఆయన నన్ను మీరు అనలేదు. కూర్చున్నాను. ఆయన గ్లాసు చేతిలోకి తీసుకుని ఆగాడు.

"చక్కెర ఎంత వెయ్యమంటారు?"

"మామూలుగానే."

"మామూలంటే?"

ఆయన చెంచా పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

"అర చెంచా" అన్నాను. ఆ అంగట్లో ఆ మాట చెప్పడం నాకు అదే మొదటిసారి.