మామయ్య బాగుచేసిన డిస్కు

ఇంట్లో ఏది పాడైనా అందరికంటే ముందు సంబరపడేది స్క్రూడ్రైవర్ మామయ్యే. మిక్సీ మూలిగినా, తలుపు గడియ పట్టేసినా ఆయన చేతులు దురదపెట్టేవి. ఆయన విప్పిన వాటిలో సగం మళ్లీ పనిచేసేవి. మిగతా సగం సంగతి ఆయన ముందు ఎవరూ ఎత్తేవారు కాదు. ఆ పేరు మేనకోడలు పెట్టింది. చివరికి ఆ పిల్ల తల్లి, ఆయన సొంత అక్క కూడా తమ్ముణ్ణి అలాగే పిలిచేది.

ఇప్పుడు పిలవదు. గొంతులో గడ్డ లేచి, ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేశారు. ఆపరేషన్‌కు ముందు డాక్టరమ్మ ఒక దారి చెప్పింది: ఉన్న గొంతుతో వాక్యాలు చదివి రికార్డు చేసి పెట్టుకుంటే, తర్వాత అక్క ఫోన్‌లో టైపు చేసిన మాటను యంత్రం అక్క గొంతుతోనే పలుకుతుందట. అక్క ముందుగదిలో కూర్చుని రోజూ చదివింది. తమ్ముడు ఎదురుగా కూర్చుని మైకు పట్టుకున్నాడు. ఆ గొంతంతా అరచేతిలో పట్టే ఒక డిస్కులో ఉంది. ఇంకెక్కడా లేదు.

గాయం మానింది. గొంతు తయారుచేసేవాళ్లకు రికార్డింగులు పంపాల్సిన రోజు వచ్చింది. సెలవు పెట్టుకుని వచ్చిన మేనకోడలు స్నానానికి వెళ్తూ మామయ్యకు ఒక్క మాట చెప్పింది.

"ఆ డిస్కు ముట్టుకోకు మామయ్యా. నేనొచ్చాక ముందు ఇంకోదాంట్లోకి కాపీ తీద్దాం."

ముట్టుకోకు అన్న మాట మామయ్య చెవికి ఎప్పుడూ ఎక్కదు. డిస్కు తగిలించి సిద్ధంగా ఉంచుదామనుకున్నాడు, అంతే. తగిలించగానే తెర మీద ప్రశ్న వచ్చింది: డిస్కులో లోపాలున్నాయి, సరిచేయమంటారా? తనలాంటి మనిషి ఆ కంప్యూటర్లో కూర్చున్నట్టు ముచ్చటేసింది మామయ్యకు. అవును అని నొక్కాడు.

కాసేపటికి లోపాలన్నీ పోయాయని చెప్పింది కంప్యూటరు. గర్వంగా డిస్కు తెరిచాడు. అక్క పేరుతో ఉన్న ఫోల్డరు లేదు. దాని బదులు అంకెల పేర్లతో ఏవేవో తునకలున్నాయి. ఒకటి నొక్కితే తెరుచుకోలేదు. ఇంకోటి నొక్కితే గరగరమంది. మామయ్యకు పై ప్రాణాలు పైనే పోయాయి. మళ్లీ ఒకసారి బాగుచేయిస్తే? వేలు బటన్ దాకా వెళ్లింది కూడా.

అక్కడ ఆగింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆయన చేస్తున్న పనిని మధ్యలో వదిలేసి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, మేనకోడల్ని కేకేశాడు.

తడి జుట్టుతో వచ్చిన పిల్ల తెర వంక చూసింది. ముందు డిస్కును ఆపి తీసేసింది.

"బాగుచేస్తానంటేనే కదే, అవునన్నాను," అన్నాడు మామయ్య.

మేనకోడలు వంటింటి వైపు చూపించింది. అక్కడ వాళ్లమ్మ పళ్లెం ముందేసుకుని బియ్యం బాగుచేస్తోంది. "బాగానే చేసింది మామయ్యా, అదిగో, అమ్మ బియ్యం బాగుచేసినట్టు. దాని కంటికి రాయిలా కనపడిందల్లా ఏరి పారేసింది. డిస్కు శుభ్రంగా ఉంటే దానికి చాలు. అమ్మ గొంతుతో దానికేం పని?"

అక్క తలెత్తింది. విన్నది. తిట్టలేదు. తిట్టడానికి గొంతేది అన్న ఆలోచన రాగానే మామయ్య పిల్లాడిలా ఏడ్చేశాడు.

పోయిన డేటా వెలికితీసే షాపు ఒకటుందంటే ఇద్దరూ పరుగెత్తారు. షాపావిడ జరిగింది విని, డిస్కు చూసి, "ఆ తర్వాత దీంట్లో ఇంకేమైనా చేశారా?" అని అడిగింది.

"చెయ్యబోయి ఆగానండీ."

"ఆగారు కాబట్టే ఆశ ఉంది. ఇంకోసారి నడిపుంటే మిగిలిన వాటి మీద కూడా రాసేసేది."

ఆవిడ మొదట డిస్కు మొత్తానికి నకలు తీసింది. అసలుదాన్ని సొరుగులో పెట్టి తాళం వేసింది. "వైద్యమంతా నకలు మీదే. పోతే అదే పోతుంది," అంది. మామయ్య ఆ తాళం వంక చాలాసేపు చూశాడు.

వారం తిరక్కుండా కబురొచ్చింది. అన్నీ కాకపోయినా చాలా వాక్యాలు దొరికాయి. పేర్లు పోయాయి కాబట్టి ఏది ఏదో విని చెప్పాలి. మైకు పట్టుకున్న మనిషే వినడానికి కూర్చున్నాడు. "రేపు బస్సుందా?" "మేఘాలు కొండ దాటాయి." అంటోంది అక్క గొంతు. అంతలో ఎప్పుడో చెరిపేసిన ఒక ముక్క పైకొచ్చింది: "వాన వచ్చేలా... ఒరేయ్ స్క్రూడ్రైవర్! మైకు కదపకురా అంటే వినవేం?" ఆ వెనకే అక్క పకపకా నవ్వు. ఆయన కళ్లు తుడుచుకుంటూ దాన్ని మళ్లీ మళ్లీ విన్నాడు. చెడిపోయాయని ఏరి పారేసినవి ఇలాంటివి ఇంకా ఉన్నాయి. గొంతు తయారుచేసేవాళ్లు వాటినీ పంపమన్నారు. వరసగా చదివిన వాక్యాల్లో లేని కోపం, నవ్వు వీటిలో దొరికాయట. పంపేముందు మామయ్య ఒక కాపీ బీరువాలో పెట్టాడు, ఇంకోటి మేనకోడలి చేతికిచ్చాడు.

కొత్త గొంతు వచ్చిన రోజు ముగ్గురూ ముందుగదిలో కూర్చున్నారు. అక్క ఫోన్‌లో ఏదో కొట్టింది.

"ఒరేయ్ స్క్రూడ్రైవర్."

కొంచెం సాగింది కానీ, అక్కే. మామయ్య ముందుకు వంగాడు. "ఏంటక్కా?" అన్నాడు. ఆవిడ తీరిగ్గా టైపు చేసింది.

"ఫ్యాను చప్పుడు చేస్తోంది. బాగుచెయ్యి."

మేనకోడలు నవ్వింది. మామయ్య స్టూలు తెచ్చుకున్నాడు. ఎక్కబోయి, మళ్లీ వెనక్కి వెళ్లి, ముందు స్విచ్చి ఆపాడు.