మా ఇంటి అచ్చ గుజరాతీ

కిసుములో మా నాన్న వ్రజలాల్ కోటేచాకి ఇనుప సామాన్ల కొట్టు ఉండేది. కొట్టులో స్వాహిలీ, లువో, ఏ భాషైనా సరే. ఇంట్లోకి అడుగుపెడితే మాత్రం అచ్చ గుజరాతీయే మాట్లాడాలి. నా నోట వేరే ముక్క దొర్లిందంటే నాన్న పాఠం మొదలయ్యేది.

"మన భాష పోతే మనకింకేం మిగుల్తుందే చార్మీ? ఆ ఫాగియో తీసుకుని వరండా ఊడ్చు. ఊడుస్తూ ఆలోచించు."

నేను ఊడుస్తూ ఆలోచించేదాన్ని. బడిలో నేను ముహిందీని, అంటే ఇండియా పిల్లని. ఇంట్లో అమ్మకి కోపం వస్తే, "పూర్తిగా ఇక్కడిదానివైపోయావే!" అనేది. మరి నేను ఎక్కడిదాన్నో అటు బడిలోగానీ ఇటు ఇంట్లోగానీ ఒక్కరూ చెప్పేవారు కాదు.

నాకు పద్నాలుగేళ్లప్పుడు రాజ్‌కోట్ నుంచి ప్రబోధ్ భాయ్ అనే గుజరాతీ పంతులుగారు సింహాల్ని చూడ్డానికి వచ్చారు. నాన్న ఆయన్ని సింహాల దాకా పోనివ్వలేదు. గుజరాతీ సమాజం హాల్లో పిల్లలకి భాష పోటీ పెట్టించి, న్యాయనిర్ణేతగా కూర్చోబెట్టాడు. నాకు నెల రోజుల ముందు నుంచే తనే తర్ఫీదు ఇచ్చాడు. మొదటి బహుమతి మాదేనని ఊరంతా చెప్పుకున్నాడు.

నేను వేదిక ఎక్కి గడగడా అందుకున్నాను. "పొద్దున్నే మా అమ్మ ఫాగియోతో ఇల్లు ఊడ్చి, సుఫూరియాలో పాలు కాచి, కిసుతో కూరగాయలు తరుగుతుంది..."

"ఆగమ్మా," అన్నారు పంతులుగారు. "సుఫూరియా అంటే?"

నేను గాల్లో చేతులతో గిన్నె ఆకారం చూపించాను. నాన్న లేచి నిలబడ్డాడు.

"పంతులుగారై ఉండి సుఫూరియా తెలీదా?"

"నలభై ఏళ్లు పాఠాలు చెప్పాను వ్రజలాల్ భాయ్. ఎప్పుడూ వినలేదు."

"అయితే మీ ఊళ్లో భాష చెడిపోయిందన్నమాట!"

హాలంతా చప్పట్లు కొట్టింది. ఎవరింట్లో చూసినా అదే గుజరాతీ మరి. నన్ను చూడ్డానికొచ్చిన నా స్నేహితురాలు, లువో పిల్ల అటియెనో మాత్రం వెనక వరసలో పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

"అంకుల్, అవన్నీ స్వాహిలీ మాటలు!"

"మా తాత కాలం నుంచీ మా ఇంట్లో ఉన్నాయమ్మా. స్వాహిలీ వాళ్లే మా దగ్గర తీసుకుని ఉంటారు."

నాన్న ముఖం ఎర్రబడింది. ఇన్నాళ్లూ నన్ను తిట్టిన మనిషి అందరి ముందూ అలా నిలబడి ఉంటే నాకు సంతోషం కలగాలి. కలగలేదు.

"సరే, టైమ్ లేదు. నెక్స్ట్ క్యాండిడేట్‌ని పిలవండి," అన్నారు పంతులుగారు.

"కాకా, 'టైమ్' గుజరాతీయేనా?" అన్నాను.

ఆయన తడబడ్డారు. "అది... అందరూ వాడేదే కదమ్మా."

"ఇక్కడ ఇవీ అందరూ వాడేవే."

అర్థం తెలియకుండా శ్లోకం అప్పజెప్పిన ఒక చిన్నవాడికి బహుమతి వెళ్లిపోయింది. కారులో నాన్న గొంతు తగ్గించి అమ్మని అడిగాడు.

"ఇంతకీ చాకుని మన భాషలో ఏమంటారే?"

"తెలిస్తే ఇన్నాళ్లూ అనేదాన్ని కాదా?" అంది అమ్మ. ముందు ఆవిడ నవ్వింది, తర్వాత నేను. నాన్న మాత్రం వీధి మలుపు దాకా నవ్వు బిగబట్టుకున్నాడు.

తర్వాతి ఏడాది సమాజం భాష పోటీ ఎత్తేసి గర్బా పోటీ పెట్టింది. నేను పేరు ఇవ్వలేదు. అటియెనోకి రెండో బహుమతి వచ్చింది. న్యాయనిర్ణేత నాన్నే.