బ్యాటరీకి బిళ్ళ

కరెంటు వచ్చింది. సదయ్య నోట్లో చాయ్ గుక్క మింగకుండానే లేచి, మూడో బ్యాటరీని చార్జర్లోకి నొక్కాడు. ఎర్ర లైటు వెలిగాక గాని గుక్క దిగలేదు. పోతే మళ్ళీ ఎప్పుడొస్తుందో ఎవడికి తెలుసు! తెలంగాణ రాష్ట్రం కోసం చేస్తున్న సమ్మెతో బొగ్గుబాయిలు బందై ఇరవై రోజులైంది. బొగ్గు లేక కరెంటు లేదు. కరెంటు లేక, బొగ్గు తీసేవాళ్ళ క్వార్టర్లే ముందు ఉడుకుతున్నాయి.

బ్యాటరీలు వడ్రంగి పని చేసే అల్లుడు కొమురెల్లివి. వైరు లేని డ్రిల్లు మిషన్లవి నాలుగు, పని లేక మూలన పడితే సదయ్య లాక్కున్నాడు. ఒక్కోదానికి రెండు వైర్లు, మధ్యలో ఫ్యూజు, చివర చిన్న బల్బో అరచేతంత ఫ్యానో బిగించాడు. "బల్బైతే రాత్రంత, ఫ్యానైతే ఆరు గంటలు" అని క్వార్టర్ల లైనంతా చాటాడు.

బక్కమనిషి. తెల్లమీసం, చేతుల నిండా యాసిడ్ తిన్న మచ్చలు. ముప్ఫై ఒక్క ఏళ్ళు బాయి మీది ల్యాంపు రూములో కూర్చుని, దిగేవాళ్ళ టోపీ దీపాలు చార్జి చేశాడు. తను ఒక్కనాడూ దిగలేదు గనుక అతన్ని బాయి మనిషిగా ఎవరూ లెక్కచెయ్యలేదు. చెయ్యకపోతే పోనీ! నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇస్తేనే దీపం, దీపం తిరిగిస్తేనే బిళ్ళ. బిళ్ళ లేనివాడు మేనేజరు బామ్మర్దైనా సరే, దిగడానికి వీల్లేదు.

ఇంట్లోనూ అదే రూలు పెట్టాడు. బ్యాటరీ కావాలంటే డ్యూటీ బిళ్ళ తెచ్చి మేకుకు తగిలించాల్సిందే. ముసలాయనకు చాదస్తం ముదిరిందని లైనంతా నవ్వింది. బిళ్ళ ఇక్కడుంటే మనిషి డ్యూటీకి పోలేడన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. సదయ్య చెప్పనూ లేదు. రిటైరైనవాడికి సమ్మె చేసే భాగ్యం ఏది? ఇదే అతని సమ్మె.

మధ్యాహ్నం పక్కింటి మల్లక్క వచ్చింది. చంకలో జ్వరంతో కాలిపోతున్న పిల్ల, చేతిలో అయిపోయిన బ్యాటరీ.

"ఇగో మామా, నీ బ్యాటరీ. మా ఆయన బిళ్ళ ఇయ్యి. మందులకు పైసల్లేవు, మూడింటి షిఫ్టుకు పోతడట."

సదయ్య లేచాడు. ఈమె మొగుడు భూపాల్ ఒక్కడు దిగితే రేపు పది మంది దిగుతారు. కానీ రూలు రూలే. బ్యాటరీ వచ్చాక బిళ్ళ ఆపకూడదు. మేకు మీది బిళ్ళ తీసి ఒక చేత, అప్పుడే నిండిన బ్యాటరీ ఇంకో చేత పట్టుకున్నాడు.

"ఏది కావాలె బిడ్డా? బ్యాటరీ తీస్కపోతే పోరి జరం తగ్గెదాక ఫ్యాను ఆగదు. అయిపోంగనే ఇంకోటి పంపుత. నాది పూచీ."

"ఇంత మొండితనమా! నువ్వసలు మనిషివేనా మామా?"

"కాదు, ల్యాంపు రూమోణ్ణి."

మల్లక్క ఏడుస్తూనే బ్యాటరీ గుంజుకుని పోయింది. సదయ్య బిళ్ళను మళ్ళీ మేకుకు తగిలించాడు.

మూడింటికి సైరన్ మోగింది. లైన్లో ఒక్క బూటు చప్పుడు లేదు. "ఊదుకో, ఎంతసేపు ఊదుతవో ఊదుకో" అని సైరన్‌ను వెక్కిరించి, దగ్గి, నాలుగో బ్యాటరీని ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో వాలాడు. నాలుగింటికి భార్య అనసూర్య చాయ్ తెచ్చి భుజం తట్టింది. లేవలేదు. ఒళ్ళు అప్పటికే చల్లబడింది.

పొద్దుగూకే వేళకు లైనంతా అక్కడే ఉంది. కరెంటు లేదు. తలాపున నూనె దీపం, పక్కన నాలుగో బ్యాటరీకి తగిలించిన బల్బు. అనసూర్య కళ్ళు తుడుచుకుని, మేకు మీది బిళ్ళ తీసి భూపాల్ చేతిలో పెట్టింది.

"తీస్కపో బిడ్డా. ఇగ నిన్ను ఆపెటోడు లేడు."

భూపాల్ బిళ్ళ మీది నంబరును బొటనవేలితో తుడిచాడు.

"మీ బ్యాటరీ మా ఇంట్ల ఇంక నడుస్తనే ఉంది చిన్నమ్మా. అది ఇయ్యకుండ బిళ్ళ తీస్కపోతే సదయ్య కాక ఊకుంటడా?"

లేచి, దాన్ని మళ్ళీ తగిలించాడు. నాలుగు వందల పదిహేడో నంబరు బిళ్ళ మేకు మీద కాసేపు ఊగి, ఆగింది.